ముఖం మీద పొర తీస్తే అందం వస్తుందా? మూలికల పీల్ వెనక ఉన్న చరిత్ర

మన చుట్టూ ఉన్న మామూలు విషయాల వెనక చరిత్ర చెప్పుకుంటున్నాం కదా, ఈసారి చాలామంది అడిగిన ప్రశ్న ఒకటి తీసుకున్నాను. "హెర్బల్ పీల్ అంటున్నారు, మూలికలతో చర్మం పై పొర తీసేస్తారట. అంత డబ్బు పెట్టి, ఆ మంట భరించి చేయించుకుంటే నిజంగా లాభం ఉందా?" అని. నేను డాక్టర్ని కానండీ, చరిత్ర చదువుకున్నదాన్ని. అందుకని మందు చెప్పను. కానీ ఈ ప్రశ్నకి చరిత్రలో చాలా సమాధానం దొరుకుతుంది. మనుషులు మూడువేల ఏళ్ళ పైనుంచి ముఖానికి ఏదో ఒకటి పూసి పొర తీయించుకుంటూనే ఉన్నారు, డబ్బు పోసుకుంటూనే ఉన్నారు.

ఈ ఎపిసోడ్ చెయ్యడానికి నాకో సొంత కారణం కూడా ఉంది. మా అక్క కూతురి పెళ్ళి. పెళ్ళికి ఐదు వారాల ముందు ఒక పార్లర్‌కి వెళ్ళింది. "అంతా మూలికలేనమ్మా, కెమికల్ ఒక్క చుక్క కూడా ఉండదు" అన్నారట. మూడు సిట్టింగులు, 18,000 రూపాయలు. ఆకుపచ్చ పొడి ఏదో తడిపి ముఖానికి గట్టిగా రుద్దారు. సూదులతో గుచ్చినట్టు మంట. ఇది ఓర్చుకోలేక "ఆపండి" అంటే, "మంట పుడితేనే పని చేస్తున్నట్టు" అన్నారట. నాలుగో రోజుకి పొట్టు లేచింది. వారానికి లోపలి చర్మం నున్నగా, లేతగా బయటపడింది. ఇంట్లో అందరం మురిసిపోయాం. ఆ తరువాత పట్టుచీరల కోసం, నగల కోసం ఎండలో తిరిగింది. పెళ్ళినాటికి రెండు బుగ్గల మీద, పై పెదవి మీద ముదురు గోధుమరంగు మచ్చలు. రాత్రి నాకు ఫోన్ చేసి, "పిన్నీ, మూలికలే కదా, మరి ఇదెలా వచ్చింది?" అని ఏడ్చింది. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. తరువాత కూర్చుని చదివాను. చదివినదే ఇవాళ మీకు చెబుతున్నాను.

ముందు పీల్ అంటే ఏమిటో తేలిక మాటల్లో చూద్దాం. మన చర్మం అడుగు పొరలో కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. అవి మెల్లగా పైకి వచ్చి, చచ్చిపోయి, పొట్టులా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి దాదాపు నెల పడుతుంది. పైన ఉండే ఆ మృతకణాల పొర చాలా పలచన, ముఖం మీద మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. ఆ రాలిపోయేదాన్ని తొందరగా రాలేటట్టు చెయ్యడమే పీల్. దానికి మూడు దారులు. ఒకటి, రుద్దడం. రెండు, ఆమ్లంతో కణాల మధ్య పట్టు వదిలించడం. మూడు, చర్మాన్ని కావాలని గాయపరచి, ఆ గాయం మానేటప్పుడు కొత్త చర్మం రానివ్వడం. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. చరిత్రలో ఏ పీల్ తీసుకున్నా వీటిలో ఒకటో రెండో ఉంటాయి.

ఈజిప్టుతో మొదలుపెడదాం. క్రీ.పూ. 1550 ప్రాంతానిదని చెప్పే ఎబర్స్ పపైరస్ అనే వైద్యగ్రంథంలో ముఖం ముడతలకి మందు ఉంది. అందులో సాంబ్రాణి లాంటి బంక, మైనం, మునగ జాతి గింజల నూనె కలపమన్నారు. ఆ కాలపుదే ఎడ్విన్ స్మిత్ పపైరస్ అని ఇంకొకటి ఉంది. ఒకవైపు అంతా గాయాలకి శస్త్రచికిత్స ఎలా చెయ్యాలో రాసి, వెనకవైపు ముసలివాణ్ణి కుర్రవాడిగా మార్చే లేపనం ఒకటి రాశారు. అంటే ఈ కోరిక ఎంత పాతదో చూడండి.

రోము చక్రవర్తి నీరో భార్య పొప్పియా గాడిదపాలతో స్నానం చేసేదని, ఆ పాల కోసం 500 గాడిదల్ని వెంట తిప్పుకునేదని ప్లినీ రాశాడు. నవ్వొస్తుంది కానీ, పులిసిన పాలలో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. అది మృతకణాల పట్టు కొంచెం వదిలిస్తుంది. ఆ ఆమ్లాన్ని 1780లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త పులిసిన పాల నుంచే వేరు చేశాడు. మరి దానికి 500 గాడిదలు అవసరమా? మనింట్లో పులిసిన పెరుగులో కూడా అదే ఆమ్లం ఉంటుంది కదా! ఖర్చు సంగతి ఇక్కడే మొదటిసారి కనిపిస్తుంది. పొప్పియా ఖర్చు పెట్టింది ఆమ్లం మీద కాదు, గాడిదల మీద.

మన దగ్గరికి వద్దాం. సుమారు 7వ శతాబ్దపు వాగ్భటుడి అష్టాంగహృదయంలో ముఖలేపాల గురించి ప్రత్యేకంగా చెప్పారు. ఏ ఋతువులో ఏ లేపం వెయ్యాలి, ఎంత మందంగా వెయ్యాలి, అన్నీ ఉన్నాయి. అందులో నాకు బాగా నచ్చిన జాగ్రత్త ఒకటుంది. లేపం ఎండిపోయేదాకా ముఖం మీద ఉంచకూడదు, ఎండిన లేపం చర్మం కాంతిని చెడగొడుతుంది అంటాడు. ఇప్పుడు పార్లర్లలో చూడండి, పూసింది పటపటలాడే దాకా ఎండనిచ్చి, పీకి, "పట్టేసిందండీ" అంటారు. పాత గ్రంథం పేరు చెప్పి అమ్మేవాళ్ళు ఆ గ్రంథంలో ఉన్న జాగ్రత్తని మాత్రం అమ్మరు.

ఇక మన నలుగు. దీపావళికి, భోగికి, పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు నువ్వులనూనె రాసి, పెసరపిండో సెనగపిండో, కాస్త పసుపు కలిపి నలుగు పెడతారు. మూడు దారుల్లో ఇది మొదటిది, రుద్దడం. నూనె పై పొరని మెత్తబరుస్తుంది, పిండి ఆ మెత్తబడ్డదాన్ని, నూనెని, మురికిని కలిపి తీసుకుపోతుంది. చెయ్యి బరువుగా పడనంత వరకు గాయం ఉండదు. ఫలితం కూడా అంతే, ఒకటి రెండు రోజులు నునుపు, మెరుపు. నలుగు ఎవరి రంగూ మార్చలేదు. ఖర్చు గుప్పెడు పిండి. దీన్ని పక్కన పెట్టుకుని మిగతావాటిని కొలవండి.

ఇప్పుడు అసలు కథ. "మూలికే కదా, ఏమవుతుంది?" అన్న ప్రశ్నకి నేను చదివినవాటిలో ఇంతకన్నా గట్టి జవాబు లేదు. అది 18వ శతాబ్దంలో కరీబియన్ ద్వీపాల కథ, అంటే బార్బడోస్, జమైకా వైపు. ఇంగ్లీషువాళ్ళు అక్కడ చెరకు తోటలు వేసి, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలతో పని చేయించేవారు. ఆ తోటల యజమానుల ఇళ్ళలోని తెల్ల ఆడవాళ్ళకి ఎండ అంటే భయం. ఎండకి ముఖం కమిలితే ఒక్క అందం పోవడమే కాదు. ఆ సమాజంలో అధికారం, గౌరవం, స్వేచ్ఛ, అన్నీ చర్మం రంగు మీద ఆధారపడి ఉండేవి. అందుకని వాళ్ళు ఒక పని చేసేవారు. జీడిగింజ పెంకులో ఉండే నూనె తీసి ముఖానికి పూసుకునేవారు.

మనకి జీడి సంగతి తెలుసు. పలాస వైపు జీడిపప్పు కొట్టే ఆడవాళ్ళు చేతులకి నూనో బూడిదో రాసుకుని కూర్చుంటారు. లేకపోతే పెంకులోంచి వచ్చే రసం చేతుల్ని కాల్చేస్తుంది, పొరలు పొరలుగా చర్మం ఊడిపోతుంది. చాకళ్ళు బట్టలకి గుర్తులు పెట్టే నల్లజీడి కూడా ఆ కుటుంబానిదే. మామిడీ అంతే. చిన్నప్పుడు చెట్టుమీది కాయ కోసి అలాగే కొరికి, సొన తగిలి మూతి పక్కన పుండు పడనివాళ్ళు మనలో ఎంతమంది? ఆ సొనని ఎన్నో రెట్లు చిక్కగా ఊహించుకోండి, అదీ జీడిపెంకు నూనె. దాన్ని కావాలని ముఖమంతా పూసుకునేవారు!

ఆ కాలపు వర్ణనల ప్రకారం ముఖం వాచిపోయేది, నల్లబడేది. ఐదారు రోజులకి చర్మం రేకులు రేకులుగా ఊడేది. దాదాపు రెండు వారాలు ఆవిడ ఎవరి ముందుకీ వచ్చేది కాదు. ఆ తరువాత చంటిపిల్ల చర్మంలా లేతగా కొత్త చర్మం వచ్చేది. మళ్ళీ అదే ద్వీపం, అదే ఎండ. ఆ లేత చర్మం పాతదానికన్నా తొందరగా కమిలిపోయేది. అంటే మళ్ళీ జీడినూనె దగ్గరికి రావాలి.

చూడండి, ఇది నూటికి నూరుపాళ్ళు మూలిక. ఫ్యాక్టరీ లేదు, సీసా లేదు, కెమికల్ అనే మాట లేదు. చెట్టుకి కాసింది. అయినా అది చేసిన పని ముఖాన్ని కాల్చడం. పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చిన చెట్టు అది. మనవాళ్ళు దాని పప్పు తిన్నారు, పెంకు రసం నుంచి చేతులు కాపాడుకున్నారు. కరీబియన్ తోటల ఇళ్ళలో ఆ రసాన్నే కోరి ముఖానికి పూసుకున్నారు. చెట్టు ఒకటే. తేడా అంతా చర్మం రంగు మీద ఆ సమాజం పెట్టిన విలువలో ఉంది.

ఇక డబ్బు కథ చూద్దాం. దీనికి లండన్ వెళ్ళాలి. 1860లలో న్యూ బాండ్ స్ట్రీట్‌లో మేడమ్ రేచల్ అని ఒకావిడ సౌందర్యశాల నడిపింది. అసలు పేరు సారా రేచల్ లెవర్సన్. "ఎప్పటికీ అందంగా" అనేది ఆవిడ నినాదం. ఆ పేరుతోనే 1863లో చిన్న పుస్తకం కూడా వేసింది. ఆవిడ అమ్మినవాటిలో సహారా ఎడారి నుంచి ఒంటెల మీద తెప్పించానని చెప్పిన నీళ్ళ సీసా ఒకటి. అరబ్బు దేశాల స్నానాలు, తూర్పు దేశాల రహస్యాలు, ఇవీ ఆవిడ చెప్పే మాటలు. వస్తువు ఎంత దూరం నుంచి వస్తే అంత ధర అన్నమాట. మన దేశంలో పనిచేసిన ఒక ఆంగ్ల సైనికాధికారి భార్య, వితంతువు, మేరీ బొరడెయిల్ అనే ఆవిడ ఆ వలలో పడి ఆస్తిలో చాలా భాగం పోగొట్టుకుంది. 1868లో కేసు విచారణ జరిగి మేడమ్ రేచల్‌కి ఐదేళ్ళ శిక్ష పడింది. బయటికి వచ్చి మళ్ళీ అదే వ్యాపారం పెట్టింది. 1878లో మళ్ళీ శిక్ష పడింది. 1880లో జైల్లోనే చనిపోయింది.

నన్ను ఆలోచింపజేసింది శిక్ష కాదండీ. మొదటి శిక్ష గురించి పత్రికలన్నీ రాశాక కూడా రెండోసారి ఆవిడ దుకాణానికి జనం వచ్చారు. మోసపోయినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు అని అనుకోవద్దు. వయసు మళ్ళుతోంది, ఒంటరితనం, సంఘంలో ముఖం చూసే విలువ కడతారు. అలాంటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకుని "మీకు నేనున్నాను" అంటే నమ్మాలనిపిస్తుంది. మా అమ్మాయి కూడా అలాగే నమ్మింది.

ఇంచుమించు ఆ కాలంలోనే డాక్టర్లు కూడా ఈ రంగంలోకి దిగారు. వియన్నాలో హెబ్రా అనే చర్మవైద్యుడు మచ్చల మీద కాల్చే మందులు వాడి పొర తీసేవాడు. హాంబర్గ్‌లో ఉన్న ఉన్నా అనే డాక్టర్ (పేరే ఉన్నా అండీ, పాల్ గెర్సన్ ఉన్నా) 1882లో సాలిసిలిక్ ఆమ్లం, రిసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం చర్మం మీద ఎలా పనిచేస్తాయో వివరించాడు. ఇవాళ చర్మవైద్యుల దగ్గర వాడే పీల్స్‌కి చాలావరకు పునాది అక్కడే పడింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. సాలిసిలిక్ ఆమ్లం పేరు ఎక్కడిది? సాలిక్స్ అంటే విల్లో చెట్టు. దాని బెరడు నుంచి 1828లో సాలిసిన్ అనే పదార్థం తీశారు, ఆ దారిలోనే ఈ ఆమ్లం వచ్చింది. తరువాత ప్రయోగశాలలో తయారుచెయ్యడం నేర్చుకున్నారు. కాళ్ళ ఆనెలకి అంటించుకునే పట్టీలో ఉండేది అదే. అలాగే గ్లైకాలిక్ ఆమ్లం చెరకులో ఉంటుంది. టార్టారిక్ ఆమ్లం మన చింతపండులో ఉంటుంది. బెరడు నుంచి తీసినా, ఫ్యాక్టరీలో చేసినా అణువు ఒకటే, చర్మానికి తేడా తెలియదు. చర్మానికి తెలిసేది రెండే, ఎంత గాఢంగా ఉంది, ఎంతసేపు ఉంది. మూలికా, కెమికలా అనే గీత డబ్బా మీద ఉంటుంది గానీ చర్మం మీద ఉండదు.

సీసాలో ఉన్న ఆమ్లానికి శాతం రాసి ఉంటుంది. డాక్టర్ నిమిషాలు లెక్కపెడతారు, తరువాత కడిగేస్తారు. చెట్టు నుంచి నేరుగా తెచ్చిన దానికి ఆ లెక్క లేదు. నిమ్మకాయ చూడండి. ముఖానికి నిమ్మరసం రాసుకోమని ఎంతమంది చెబుతారో! ఆ పులుపు చర్మాన్ని మండించేంత ఆమ్లం. పైగా నిమ్మజాతి పండ్లలో కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి, నల్లటి చారలు మిగులుతాయి. ప్రకృతి శాతం రాసి ఇవ్వదు.

ఇప్పుడు అమెరికా వెళదాం, కథలో విచిత్రమైన మలుపు అక్కడే ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత హాలీవుడ్ చుట్టుపక్కల డాక్టర్లు కాని కొందరు ముఖం పొర తీసే వ్యాపారం పెట్టారు. వాళ్ళ ఫార్ములాలు రహస్యం, తల్లి నుంచి కూతురికి, గురువు నుంచి శిష్యుడికి. సినిమావాళ్ళు, డబ్బున్నవాళ్ళు వెళ్ళేవారు. ముఖానికి మందు పూసి, పైన పట్టీలు అంటించి, రోజుల తరబడి ఇంట్లో కూర్చోబెట్టేవారు. ఆ మందులో ముఖ్యమైనది ఫినాల్, అంటే కార్బాలిక్ ఆమ్లం, ఒకప్పుడు లిస్టర్ ఆపరేషన్లలో క్రిములు చంపడానికి వాడినదే. దానికి తోడు ఒక మొక్క నూనె కొన్ని చుక్కలు వేసేవారు. ఆ మొక్క ఏమిటో తెలుసా? మన నేపాళం!

పాతకాలపు వాళ్ళకి నేపాళం పేరు చెబితే చాలు, కడుపు పట్టుకుంటారు. ఒక్క గింజతో విరేచనాలు ఆగవు. శుద్ధి చెయ్యకుండా వాడొద్దని వైద్యులు గట్టిగా చెప్పే గింజ అది. చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. 1961లో మయామీలో బేకర్, గోర్డన్ అనే ఇద్దరు సర్జన్లు ఈ ఫినాల్, నేపాళం నూనె కలిసిన ఫార్ములాని వైద్యపత్రికల్లో పెట్టాక డాక్టర్లు దాన్ని విరివిగా వాడారు. నలభై ఏళ్ళపాటు అందరూ పని చేసేదీ, ప్రమాదం తెచ్చేదీ ఫినాలే అనుకున్నారు. నేపాళం నూనె ఏదో కొంచెం తోడ్పడుతుంది, అంతే అనుకున్నారు. 2000లో గ్రెగరీ హెటర్ అనే సర్జన్ చుక్కలు లెక్కపెట్టి, మార్చి మార్చి చూసి, అసలు చర్మంలో లోతు నిర్ణయించేది ముఖ్యంగా ఆ నేపాళం నూనే అని చూపించాడు. ఫినాల్‌ది వేరే ప్రమాదం, అది చర్మం గుండా రక్తంలోకి వెళ్ళి గుండె లయని దెబ్బతీయగలదు. అందుకే ఆ పీల్ చేసేటప్పుడు గుండెకి మానిటర్ పెడతారు.

అర్థమైందా అండీ? ప్రపంచంలోకెల్లా లోతుగా పొర తీసే పీల్‌లో, ఆ లోతు ఇచ్చేది ఫ్యాక్టరీ వస్తువు కాదు, ఒక గింజ నూనె. మా అమ్మాయి "మూలికలే కదా" అన్నప్పుడు నాకు ఈ సంగతి తెలిసి ఉంటే బాగుండేది.

మరి ఇవాళ హెర్బల్ పీల్ అని అమ్మేవి ఏమిటి? 1960ల నుంచి జర్మనీలో మూలికల పొడిని తడిపి ముఖానికి గట్టిగా రుద్ది, నాలుగైదు రోజుల్లో పొర ఊడేటట్టు చేసే పద్ధతి ఒకటి పేరు పొందింది. దాన్ని చూసి చాలా వచ్చాయి. కొన్నింటిలో మూలికల పొడితో పాటు పళ్ళ నుంచి వచ్చే ఆమ్లాలు ఉంటాయి. కొన్ని పేరుకే మూలికలు, లోపల మామూలు సాలిసిలిక్ ఆమ్లమే. ఇంకొన్నింటిలో "నీటిమొక్క" అని చెప్పే ఒక పొడి ఉంటుంది, దాని సంగతి చెప్పాలి. రష్యాలో నదుల్లో, చెరువుల్లో దొరికే స్పాంజిల్లా అది, అక్కడ బద్యాగా అంటారు. పల్లెటూరి ఆడపిల్లలు దాని పొడి బుగ్గలకి రుద్దుకుంటే బుగ్గలు ఎర్రబడేవి, రూజు బదులు అన్నమాట. ఎందుకు ఎర్రబడతాయి? ఆ పొడిలో కంటికి కనబడనంత సన్నటి గాజు సూదుల్లాంటివి ఉంటాయి, అవి చర్మంలో గుచ్చుకుంటాయి. ఇంకో సంగతి, స్పాంజి మొక్కే కాదు, అది జంతువు! సూదులతో గుచ్చినట్టు ఉందని మా అమ్మాయి చెప్పినప్పుడు ఆ డబ్బా చూపించమని అడిగాం. దాని మీద పువ్వు బొమ్మ ఉంది, లోపల ఏముందో రాసి లేదు.

ఇక చర్మం రంగు. ఈ పీల్స్ చాలావరకు తెల్లవాళ్ళ చర్మం మీద పుట్టి పెరిగినవి. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ డాక్టర్ ఎండకి ఎవరి చర్మం ఎలా స్పందిస్తుందో వర్గాలు చేశాడు. మొదట్లో అందులో నాలుగే వర్గాలు, తెల్లవాళ్ళ కోసం. గోధుమరంగు, నల్లరంగు చర్మాలకి ఐదు, ఆరు వర్గాలు తరువాత చేర్చారు. మన తెలుగువాళ్ళం ఎక్కువమంది నాలుగు, ఐదు వర్గాల్లో పడతాం. మనలాంటి చర్మంలో రంగు తయారుచేసే కణాలు చురుకైనవి. ఎండ నుంచి కాపాడేది అవే, అది మన అదృష్టం. కానీ ఏ గాయమైనా, మంటైనా తగిలితే అవి కంగారుపడి ఎక్కువ రంగు పోస్తాయి. దోమకాటు మానినా నల్లమచ్చ నెలల తరబడి ఉండటం చూస్తాం కదా, అదే. పీల్ మంట కూడా వాటికి గాయమే. కొత్త చర్మం మీద ఎండ పడితే ఇక చెప్పక్కర్లేదు.

అంటే మా అమ్మాయికి వచ్చింది విచిత్రమైన జబ్బేమీ కాదు. తెల్ల చర్మం మీద రెండు వారాల్లో ఎర్రదనం తగ్గి నిగనిగలాడే పనే, మన చర్మం మీద మచ్చగా మిగులుతుంది. "మంట పుడితేనే పని చేస్తున్నట్టు" అన్న మాట మనకి తలకిందులుగా వర్తిస్తుంది. మంట ఎంత ఎక్కువైతే మచ్చ అంత దగ్గర.

మరి పీల్ అంటేనే మోసమా? కాదండీ, అలా అంటే నేను అబద్ధం చెప్పినట్టే. 1974లో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు, చేప పొలుసుల్లా చర్మం పేరుకుపోయే జబ్బు ఉన్నవాళ్ళకి పండ్ల ఆమ్లాలు బాగా పనిచేస్తాయని చూపించారు. ఆ జబ్బుతో పుట్టినవాళ్ళకి అది ఎంత ఊరటో ఆలోచించండి. పైపైన చేసే సాలిసిలిక్ పీల్ మొటిమలకి, గ్లైకాలిక్ పీల్ మంగు మచ్చలకి, మిగతా మందులతో పాటు వాడితే ఉపయోగం ఉంటుంది. తక్కువ గాఢతతో మొదలుపెట్టి, వారాల తేడాతో, మెల్లగా. ఫలితం నెమ్మదిగా వస్తుంది, శాశ్వతం కాదు, చర్మం ప్రతి నెలా మారుతూనే ఉంటుంది కాబట్టి. డాక్టర్ దగ్గర చేసే ఆ పైపై పీల్‌కి కొద్దిగా చురచుర తప్ప సూదుల మంట ఉండకూడదు.

కాబట్టి లాభమా నష్టమా అంటే, నా సమాధానం ఇది. ఒక జబ్బుకో, ఒక నిర్దిష్టమైన మచ్చకో, చర్మవైద్యుల చేతిలో అయితే డబ్బుకి తగ్గ ఫలితం రావచ్చు. మెరుపు కోసమైతే పలచగా చేసే మూలికల పీల్ ఇచ్చేది నలుగు ఇచ్చేదానికన్నా పెద్ద ఎక్కువేమీ కాదు, దానికి వేలు పోయడం దండగ. గట్టిగా చేసేదైతే అది గాయమే, మూలికతో చేసినా మరోదానితో చేసినా. ఇక పుట్టుకతో వచ్చిన రంగు మారుస్తామంటే మాత్రం లేచి వచ్చెయ్యండి. ఏ పీల్‌కీ అది చేతకాదు, కింద రంగు తయారుచేసే కణాలు మనవే కాబట్టి.

అయినా వెళతామంటే కూర్చునే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇందులో ఏముంది, ఎంత శాతం? నాలాంటి రంగు చర్మానికి ఇంతకు ముందు చేశారా? మంట ఎక్కువైతే ఏం చేస్తారు, ఎలా ఆపుతారు? తేడా వస్తే చూసే డాక్టర్ ఎవరు? వీటికి "మూలికలేనమ్మా" అన్న జవాబు వస్తే అది జవాబు కాదు. మీరు చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. మొటిమలకి మాత్రలు వాడుతున్నా, పెదవుల మీద జ్వరపుళ్ళు వచ్చే అలవాటున్నా, గాయం మానిన చోట కండ ఉబ్బే చర్మమైనా ముందే చెప్పండి. పెళ్ళికో ఫంక్షన్‌కో కొద్ది వారాల ముందు మొదటిసారి ఏదీ చేయించుకోవద్దు. చేయించుకున్నాక ఎండలో తిరగొద్దు, సన్‌స్క్రీన్ మానొద్దు. ఊడుతున్న పొట్టుని చేత్తో పీకొద్దు.

మా అమ్మాయి సంగతి అడుగుతారు, చెబుతాను. పెళ్ళి ఫోటోల్లో మేకప్ కింద మచ్చలు కనబడవు, కానీ తనకి తెలుసు. ఆ ఆల్బమ్ చాలా రోజులు తెరవలేదు. తరువాత ఒక చర్మవైద్యురాలికి చూపించాం. మచ్చలు పై పొరలోనే ఉన్నాయి, తగ్గుతాయి అన్నారు. రోజూ సన్‌స్క్రీన్, రాత్రి ఒక క్రీము, గొడుగు. ఎనిమిది నెలలకి దాదాపు పోయాయి. ఆ ఎనిమిది నెలల మందుల ఖర్చు కూడా కలుపుకుంటే ఆ 18,000 ఎంతయిందో మీరే లెక్క వేసుకోండి. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు భోగినాడు మా అక్క అందరికీ నలుగు పెడుతుంటే, అది నవ్వుతూ ముఖం ముందుకు పెట్టి, "అమ్మా, మెల్లగా రుద్దు" అంది.

పీల్ విషయంలో మీ అనుభవం మంచిదైనా చెడ్డదైనా రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కాటుక గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు, నమస్కారం.